క్రోమ్ వదిలి ఏ బ్రౌజర్‌కి మారాలి? పది ఎక్స్‌టెన్షన్లు వేసినా ఫింగర్‌ప్రింట్ టెస్టులో 'యూనిక్' అనే ఎందుకొస్తోంది?

ప్రశ్న క్లుప్తంగా ఇది: క్రోమ్ మానేసి ఫైర్‌ఫాక్స్‌కి వచ్చారు, ప్రైవసీ పేరుతో కనిపించిన పది ఎక్స్‌టెన్షన్లు వేశారు, ఎక్కడో దొరికిన సెట్టింగుల ఫైలు కూడా తెచ్చి పెట్టారు. ఇప్పుడు సగం సైట్లు సరిగ్గా తెరుచుకోవట్లేదు. అయినా ఫింగర్‌ప్రింట్ టెస్టు (కుకీలు లేకుండా, బ్రౌజర్ లక్షణాల్ని బట్టే మిమ్మల్ని గుర్తుపట్టొచ్చా అని చూసేది) పెడితే 'మీ బ్రౌజర్ యూనిక్' అంటోంది. బ్రేవ్‌కి మారాలా, టార్ వాడాలా అన్నది సందేహం.

ముందు ఆ పదింటిలో తొమ్మిది తీసేయండి. ప్రకటనల్నీ ట్రాకర్లనీ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఒక్కటి ఉంచండి. బ్రౌజర్ మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాత చూద్దాం.

అసలు మీరు ఎవరి కంట పడకూడదనుకుంటున్నారో తేలకుండా బ్రౌజర్ ఎంచుకోలేరు. ఒక సైటు నుంచి ఇంకో సైటుకి మీ వెంటే వచ్చే ప్రకటనల కంపెనీల నుంచి అయితే, మంచి బ్రౌజర్ ఆ పని చాలావరకు చేసిపెడుతుంది. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ, వైఫై యజమాని నుంచి అయితే సగమే చేస్తుంది. మీరే లాగిన్ అయిన సైటు నుంచి ఏ బ్రౌజరూ దాచలేదు. జీమెయిల్‌లో లాగిన్ అయి ఉండి అదే విండోలో గూగుల్‌లో వెతికితే, ఎన్ని సెట్టింగులు మార్చినా ఆ వెతుకులాట మీ ఖాతా కిందికే చేరుతుంది. ఇక మీరెవరో, ఎక్కడున్నారో తెలియడమే ప్రమాదమైన పరిస్థితి ఉంటే దానికి, మీ కనెక్షన్‌ను పలు సర్వర్ల మీదుగా తిప్పి ఐపీ దాచే టార్ బ్రౌజరే. మిగతావి ఆ పనికి తయారు చేసినవి కావు.

ఇన్‌కాగ్నిటో ఈ నాలుగింటిలో దేనికీ జవాబు కాదు. కిటికీ మూశాక మీ కంప్యూటర్లో హిస్టరీ, కుకీలు మిగలవు, అంతే. అవతలి సైటుకి మీ ఐపీ అడ్రసు, ఫింగర్‌ప్రింటు ఎప్పటిలాగే కనిపిస్తాయి. ఈ విషయం మీదే గూగుల్‌పై 2020లో దావా పడింది. 2024లో రాజీ కుదిరి, అలా సేకరించిన రికార్డులు తీసేయడానికి ఆ సంస్థ ఒప్పుకుంది.

క్రోమ్‌నే బిగించి వాడొచ్చా అంటే, ఇప్పుడు ఆ దారి దాదాపు మూసుకుపోయింది. థర్డ్ పార్టీ కుకీలను (మీరు తెరిచిన సైటు కాక వేరే కంపెనీలు పెట్టేవి) తీసేస్తామని 2020 జనవరిలో ప్రకటించిన గూగుల్, వాయిదా మీద వాయిదా వేసి 2025 ఏప్రిల్‌లో ఆ ఆలోచనే విరమించుకుంది. అదే ఏడాది మానిఫెస్ట్ వీ2 అనే పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లకు మద్దతు ఆపేయడంతో అసలైన యూబ్లాక్ ఆరిజిన్ క్రోమ్‌లో పనిచేయడం మానేసింది. దాని బదులు వచ్చిన 'లైట్' రకం ప్రకటనల్ని బాగానే ఆపుతుంది గానీ, పేజీలో ఏ స్క్రిప్టు ఎక్కడి నుంచి వస్తోందో చూసి మీరే నిర్ణయించుకునే వీలు అందులో లేదు.

ఇప్పుడు 'యూనిక్' సంగతి. ఈఎఫ్ఎఫ్ అనే డిజిటల్ హక్కుల సంస్థ 2010లో దాదాపు 4,70,000 బ్రౌజర్లను పరిశీలించినప్పుడు 83.6 శాతం వాటికవే ప్రత్యేకంగా తేలాయి. కుకీ అక్కర్లేదు. స్క్రీన్ కొలత, ఫాంట్ల జాబితా, టైమ్‌జోన్, భాష, గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీసే తీరు, ఇవన్నీ కలిపితే చాలు. భాష దగ్గర ఒక మాట: బ్రౌజర్ సెట్టింగుల్లో తెలుగును మొదటి భాషగా పెడితే, ఆ విషయం మీరు తెరిచే ప్రతి సైటుకీ వెళ్తుంది. అలా పెట్టుకునేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద చూస్తే కొద్దిమందే కాబట్టి గుంపు చిన్నదైపోతుంది. మామూలు వాడకానికి తెలుగు ఉంచుకోండి, నష్టం లేదు. గుంపులో కలిసిపోవడమే ముఖ్యమైన ప్రొఫైల్లో మాత్రం ఇంగ్లీషు ఒక్కటే ఉంచండి.

ఫింగర్‌ప్రింట్ నుంచి తప్పించుకోవడానికి దారులు రెండే. అందరిలా కనిపించడం ఒకటి. టార్, మల్‌వాడ్ బ్రౌజర్లది ఈ దారి. చూసిన ప్రతిసారీ వేరేలా కనిపించడం రెండోది. బ్రేవ్‌ది ఈ దారి. మీ పది ఎక్స్‌టెన్షన్లు ఈ రెండూ కాని మూడో పని చేస్తున్నాయి: మీలాంటి బ్రౌజర్ ఇంకొకటి లేకుండా చేస్తున్నాయి. యూజర్ ఏజెంట్ (బ్రౌజర్ తానెవరో సైటుకి చెప్పుకునే మాట) మార్చే ఎక్స్‌టెన్షన్‌నే తీసుకోండి. అది 'నేను విండోస్ మీద క్రోమ్' అని చెప్తుంది. జావాస్క్రిప్టు ఇంజిను తీరు, ఫాంట్లు చూస్తే లినక్స్ మీద ఫైర్‌ఫాక్స్ అని బయటపడుతుంది. అబద్ధం చెప్తూ దొరికిపోయిన బ్రౌజర్ మామూలు ఫైర్‌ఫాక్స్ కన్నా ఎంతో అరుదు.

కాన్వాస్‌లో (పేజీలో బొమ్మలు గీయడానికి స్క్రిప్టులు వాడే సాధనం) గందరగోళం కలిపే ఎక్స్‌టెన్షన్లదీ ఇదే కథ. కలిపారన్న సంగతి పసిగట్టడం స్క్రిప్టుకి కష్టం కాదు. సైట్లను ఎన్‌క్రిప్ట్ అయిన కనెక్షన్‌తో తెరిపించే హెచ్‌టీటీపీఎస్ ఎవ్రీవేర్‌ను తయారుచేసినవాళ్ళే నిలిపేశారు, ఆ పని ఇప్పుడు బ్రౌజరే చేస్తోంది. రెండు యాడ్ బ్లాకర్లు పక్కపక్కన ఉంటే ఒకదాని పనిని రెండోది చెడగొట్టొచ్చు, సైటు పాడైనప్పుడు ఎవరివల్లో తేలదు. పైగా ఇలాంటి ఎక్స్‌టెన్షన్లు చాలావరకు మీరు చూసే పేజీలన్నీ చదివే అనుమతి అడుగుతాయి. ది గ్రేట్ సస్పెండర్ అనే బాగా పేరున్న ఎక్స్‌టెన్షన్ 2020లో చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ ఉందంటూ గూగుల్ దాన్ని తీసేసింది. ఈరోజు నమ్మకమైనది రేపు ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేం కాబట్టి, లెక్క ఎంత తక్కువైతే అంత మంచిది.

ఆ టెస్టు ఫలితాన్ని కూడా మరీ మనసుకి తీసుకోకండి. ఆ సైట్లు మిమ్మల్ని పోల్చేది అక్కడికి ఈమధ్య వచ్చినవాళ్ళతోనే. బ్రేవ్‌లాంటి బ్రౌజర్ ప్రతిసారీ కొత్త ముఖంతో వెళ్తుంది కాబట్టి 'యూనిక్' అని రావడమే సహజం. చూడాల్సింది నిన్నటి ముఖం, ఈరోజు ముఖం ఒకటేనా అన్నది.

ఇక ఎంపిక. రోజువారీ పనికి ఫైర్‌ఫాక్స్, అందులో యూబ్లాక్ ఆరిజిన్. నా ఓటు దీనికే. సెట్టింగుల జోలికి అస్సలు వెళ్ళని మనిషికి అయితే బ్రేవ్ ఇవ్వండి, ఏమీ మార్చకపోయినా చాలా ఆపుతుంది. లిబ్రెవుల్ఫ్ అంటే టెలిమెట్రీ (వాడకం వివరాలు తయారీదారుకి పంపడం) తీసేసి, కఠినమైన సెట్టింగులు ముందే పెట్టి, యూబ్లాక్ కూడా వేసి ఇచ్చిన ఫైర్‌ఫాక్స్. బాగుంటుంది, కానీ అప్‌డేట్ల సంగతి మీరే చూసుకోవాలి. ఫైర్‌ఫాక్స్ దాదాపు 4 వారాలకోసారి కొత్త వెర్షన్ ఇస్తుంది, మధ్యలో భద్రతా సవరణలు వేరు. రెండు నెలలు అప్‌డేట్ చేయని లిబ్రెవుల్ఫ్ కన్నా మామూలు ఫైర్‌ఫాక్స్ నయం. మల్‌వాడ్ బ్రౌజర్ 2023 ఏప్రిల్‌లో వచ్చింది. టార్ ప్రాజెక్టు తయారుచేసింది, టార్ నెట్‌వర్క్ మాత్రం ఉండదు. వీపీఎన్‌తో కలిపి వాడటానికి ఉద్దేశించినది కాబట్టి అది లేకుండా వాడితే మీ ఐపీ బయటే ఉంటుంది. సఫారీ వాడేవాళ్ళు మరీ కంగారుపడక్కర్లేదు. థర్డ్ పార్టీ కుకీలను అది 2020 నుంచే పూర్తిగా ఆపుతోంది.

ఫైర్‌ఫాక్స్‌ను సరిచేద్దాం. మీది ఇప్పటికే కలగాపులగం అయింది కాబట్టి మొదటినుంచి మొదలుపెట్టడమే తక్కువ పని. అడ్రసు బార్‌లో అబౌట్ సపోర్ట్ (about:support) పేజీ తెరిచి 'రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్' నొక్కండి. ఎక్స్‌టెన్షన్లు, మార్చిన సెట్టింగులు పోతాయి. బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, కుకీలు ఉంటాయి. పాత ప్రొఫైలు ఒక ఫోల్డర్‌గా డెస్క్‌టాప్ మీద పడుతుంది, వారం పది రోజులు ఉంచి తర్వాత తీసేయండి. అందులో మీ పాస్‌వర్డులు కూడా ఉంటాయని మరిచిపోకండి.

మీరు తెచ్చి పెట్టిన ఆ ఫైలు, యూజర్ డాట్ జేఎస్, గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. అది ప్రొఫైల్ ఫోల్డర్లో ఉన్నంతకాలం ఫైర్‌ఫాక్స్ తెరిచిన ప్రతిసారీ అందులోని విలువల్నే మళ్ళీ పెడుతుంది. మీరు సెట్టింగు మారుస్తారు, మూసి తెరిచేసరికి పాతదే ఉంటుంది. సరే అని ఆ ఫైలు తీసేస్తారు, అయినా ఏమీ మారదు. ఎందుకంటే ఆ విలువలు అప్పటికే ప్రిఫ్స్ డాట్ జేఎస్ అనే ఇంకో ఫైల్లోకి చేరిపోయి ఉంటాయి. అన్ని లోపలి సెట్టింగులూ ఉండే అబౌట్ కాన్ఫిగ్ (about:config) పేజీలో ఒక్కొక్కటీ వెతికి రీసెట్ చేయాలి, లేదా పైన చెప్పిన రిఫ్రెష్ చేయాలి. ఆర్కెన్‌ఫాక్స్ లాంటి ఫైళ్ళు చెడ్డవేం కాదు. శ్రద్ధగా రాసినవే. ప్రతి లైను పక్కన రాసిన వివరణ చదివి, ఫైర్‌ఫాక్స్ మారినప్పుడల్లా దాన్నీ మార్చుకునే ఓపిక ఉంటేనే పెట్టుకోండి.

రిఫ్రెష్ అయ్యాక సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'కి వెళ్ళండి. ట్రాకింగ్ రక్షణ 'స్టాండర్డ్'లో ఉంటుంది, 'స్ట్రిక్ట్' చేయండి. 2022 జూన్ నుంచి స్టాండర్డ్‌లోనే ప్రతి సైటు కుకీలకూ విడి డబ్బా ఇస్తున్నారు. ఒక సైటులో ప్రకటనల కంపెనీ పెట్టిన కుకీ ఇంకో సైటులో కనిపించదు. స్ట్రిక్ట్‌లో అదనంగా తెలిసిన ట్రాకర్ల స్క్రిప్టులే ఆగిపోతాయి, లింకుల చివర తగిలించే గుర్తింపు తోకల్లో తెలిసినవి తెగిపోతాయి. అదే పేజీలో హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ మోడ్‌ను 'అన్ని విండోల్లో' అని పెట్టండి. పాత సైటు ఏదైనా హెచ్చరిక చూపిస్తే అక్కడే 'కంటిన్యూ' అనొచ్చు, కాకపోతే అలాంటి చోట పాస్‌వర్డు మాత్రం కొట్టకండి. టెక్నికల్ డేటా పంపే టిక్కులన్నీ తీసేయండి. డేటా అమ్మొద్దని సైట్లకు చెప్పే టిక్కు ఉంచండి. చట్టం వర్తించే చోట దానికి విలువ ఉంది, లేని చోట నష్టం లేదు. పాత 'డు నాట్ ట్రాక్' కోసం వెతక్కండి, 2025లో 135వ వెర్షన్ నుంచి తీసేశారు. దాన్ని పట్టించుకునే సైట్లు ఎలాగూ తక్కువే.

డీఎన్ఎస్ అంటే సైటు పేరుకి సర్వర్ ఐపీ వెతికిపెట్టే వ్యవస్థ. డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ విషయంలో అపోహ ఎక్కువ. దీనివల్ల మీరు అడిగే సైటు పేర్లు ఇంటర్నెట్ కంపెనీకి బదులు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి ఇంకొకరికి, అదీ ఎన్‌క్రిప్ట్ అయి, వెళ్తాయి. నమ్మకం ఒకరి నుంచి ఇంకొకరికి మారింది, అంతే. ఇంటర్నెట్ కంపెనీకి మీరు కలిసిన సర్వర్ ఐపీ ఇంకా కనిపిస్తుంది. కనెక్షన్ మొదలయ్యేటప్పుడు సైటు పేరు కూడా చాలాచోట్ల తెరిచిన ఉత్తరంలాగే వెళ్తుంది. దాన్ని కప్పే ఈసీహెచ్ అనే పద్ధతి ఉంది, అది అవతలి సర్వర్ కూడా ఒప్పుకుంటేనే పనిచేస్తుంది, ఫైర్‌ఫాక్స్‌లో దానికి ఈ డీఎన్ఎస్ సెట్టింగు ఆన్‌లో ఉండాలి. కాబట్టి 'ఇంక్రీజ్డ్ ప్రొటెక్షన్' పెట్టుకోండి. 'మాక్స్'లో ఎన్‌క్రిప్ట్ కాని డీఎన్ఎస్‌కి అసలు దిగదు. లాగిన్ పేజీ చూపించే బయటి వైఫైలు అందుకే దాంతో మొండికేస్తాయి. వీపీఎన్ వాడుతుంటే దీన్ని ఆపేసి వీపీఎన్ ఇచ్చే డీఎన్ఎస్‌నే వాడనివ్వండి.

తర్వాత 'సెర్చ్' పేజీ. డిఫాల్ట్ ఇంజినుగా డక్‌డక్‌గో, స్టార్ట్‌పేజ్, బ్రేవ్ సెర్చ్, వీటిలో ఏదో ఒకటి. అంతకన్నా ముఖ్యం, సెర్చ్ సజెషన్ల టిక్కు తీసేయడం. అది ఉంటే ఎంటర్ కొట్టకముందే, మీరు టైపు చేస్తున్న అక్షరాలు వెంటవెంటనే ఇంజినుకి వెళ్తుంటాయి. పొరపాటున అడ్రసు బార్‌లో పేస్టు చేసిన పాస్‌వర్డు కూడా అలాగే వెళ్ళొచ్చు. హోమ్ పేజీలో స్పాన్సర్డ్ షార్ట్‌కట్లు ఆపేయండి.

మూసినప్పుడల్లా కుకీలు చెరిపేసే సెట్టింగు ఇష్టం మీద పెట్టుకోండి. పెడితే, లాగిన్ నిలవాల్సిన నాలుగైదు సైట్లను 'మేనేజ్ ఎక్సెప్షన్స్'లో చేర్చండి, లేకపోతే రోజూ ఓటీపీలతో విసుగొచ్చి వారంలో తీసేస్తారు. అడ్రసు మొత్తం, ముందు హెచ్‌టీటీపీఎస్‌తో సహా ఇవ్వాలి. లాగిన్ వేరే సబ్‌డొమైన్‌లో జరిగే సైటుకి ఆ రెండో అడ్రసు కూడా చేర్చాలి. 'చేర్చాను కానీ లాగౌట్ అవుతోంది' అనే ఫిర్యాదుకి చాలాసార్లు కారణం ఇదే.

యూబ్లాక్ ఆరిజిన్ వేశాక డిఫాల్ట్ జాబితాలు ముట్టుకోకండి. డ్యాష్‌బోర్డులో 'ఫిల్టర్ లిస్ట్స్'కి వెళ్ళి రెండే చేర్చండి: లింకు తోకలు కత్తిరించే యాడ్‌గార్డ్ యూఆర్ఎల్ ట్రాకింగ్ జాబితా, కుకీ నోటీసుల జాబితా. కనిపించినవన్నీ టిక్ చేస్తే రక్షణ పెద్దగా పెరగదు, పాడయ్యే సైట్లు మాత్రం పెరుగుతాయి. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్‌కి ఇంకో బలం ఉంది. కొన్ని ట్రాకర్లు సైటు సొంత సబ్‌డొమైన్ ముసుగులో వస్తాయి. డీఎన్ఎస్ అడిగి ఆ ముసుగు తీయడం క్రోమియం బ్రౌజర్లలో (క్రోమ్, బ్రేవ్ లాంటివి) ఎక్స్‌టెన్షన్‌కి వీలుకాదు, ఇక్కడ వీలవుతుంది. ఓపిక ఉన్నవాళ్ళు 'ఐ యామ్ యాన్ అడ్వాన్స్‌డ్ యూజర్' టిక్ చేసి, థర్డ్ పార్టీ స్క్రిప్టులు, ఫ్రేములు అన్నిచోట్లా ఆపి, అవసరమైన సైటులో అవసరమైనదాన్నే తెరుచుకోవచ్చు. మొదటి రెండు వారాలు నరకం. ఆ తర్వాత మీరు రోజూ వెళ్ళే సైట్లన్నీ కుదురుకుంటాయి, తాళం గుర్తు నొక్కి ఆ నియమాల్ని సేవ్ చేసుకుంటే చాలు.

గూగుల్, ఫేస్‌బుక్ లాంటివి లాగిన్‌తో వాడక తప్పనివాళ్ళు ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లావాళ్ళ మల్టీ అకౌంట్ కంటెయినర్స్ ఒక్కటి వేసుకోవచ్చు, ఒక్కో ఖాతా కుకీలను అది విడి డబ్బాలో ఉంచుతుంది. నేను ఒప్పుకునే రెండో ఎక్స్‌టెన్షన్ అదే.

అందరి బ్రౌజర్లనూ ఒకేలా చూపించే రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్ అనే సెట్టింగును మీరు తెచ్చిన ఫైలు ఆన్ చేసి ఉండొచ్చు. సగం సైట్లు పాడవడానికి అదే పెద్ద దోషి అయ్యుండొచ్చు. దాని లక్షణాలు గుర్తుపట్టడం తేలికే: క్యాలెండర్లో సమయాలు కొన్ని గంటలు తేడాగా కనిపిస్తాయి, ఎందుకంటే టైమ్‌జోన్ యూటీసీ అయిపోతుంది. డార్క్ థీమ్ ఎంచుకున్నా సైట్లు తెల్లగానే వస్తాయి. అప్‌లోడ్ చేసిన ఫొటో రంగురంగుల చారలుగా మారుతుంది, ఎందుకంటే సైటు దాన్ని చిన్నది చేయడానికి కాన్వాస్ వాడితే బ్రౌజర్ అసలు బొమ్మకి బదులు చెత్త విలువలు ఇస్తుంది. అడ్రసు బార్‌లో వచ్చే చిన్న గుర్తు నొక్కి ఆ సైటుకి అనుమతిస్తే ఫొటో బాగవుతుంది. రోజువారీ ప్రొఫైల్లో దీన్ని ఆపేయండి, స్ట్రిక్ట్‌లో ఉన్న తేలికపాటి రక్షణ చాలు. పూర్తి రక్షణ కావాలంటే మల్‌వాడ్ బ్రౌజరే వేరుగా వేసుకోండి. అక్కడ అందరికీ అవే సెట్టింగులు, కాబట్టి కలిసిపోవడానికి గుంపంటూ ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో మీరొక్కరే ఆన్ చేస్తే ఆ గుంపు ఉండదు.

బ్రేవ్‌కే వెళ్తానంటే పని పది నిమిషాలే. షీల్డ్స్‌లో ట్రాకర్లు, ప్రకటనల నిరోధం 'అగ్రెసివ్', హెచ్‌టీటీపీఎస్ 'స్ట్రిక్ట్', ఫింగర్‌ప్రింట్ నిరోధం ఆన్. రివార్డ్స్, వాలెట్, లియో, న్యూస్ బటన్లు దాచేయండి. డేటా సేకరణ భాగంలో ప్రోడక్ట్ అనలిటిక్స్, రోజువారీ పింగ్, క్రాష్ రిపోర్టులు, మూడూ తీసేయండి. 2020లో కొన్ని క్రిప్టో సైట్ల అడ్రసు టైపు చేస్తే తమ రెఫరల్ కోడ్ తగిలించి చూపిస్తోందని బ్రేవ్ దొరికిపోయి, క్షమాపణ చెప్పి సరిచేసింది. దాని ఆదాయం ఎటునుంచి వస్తుందో గుర్తుంచుకోడానికి ఇది చెప్తున్నాను, వాడొద్దని కాదు. వీపీఎన్‌తో వాడేవాళ్ళు వెబ్ఆర్‌టీసీ (బ్రౌజర్లో వీడియో కాల్స్ నడిపే పద్ధతి) పాలసీని 'డిసేబుల్ నాన్ ప్రాక్సీడ్ యూడీపీ' చేస్తే అసలు ఐపీ కారదు. వీడియో కాల్స్ మాత్రం దెబ్బతినొచ్చు. అందులోని టార్ విండో ఓ సైటు ఆపేసినప్పుడు తెరవడానికి పనికొస్తుంది, గుర్తింపు దాచుకోవడానికి కాదు.

దానికి టార్ బ్రౌజర్, అదీ అధికారిక సైటు నుంచే. ఎక్స్‌టెన్షన్ ఒక్కటీ వేయకండి. విండో చుట్టూ బూడిదరంగు అంచు కనిపిస్తే తప్పేం కాదు, పేజీ కొలత అందరికీ ఒకేలా ఉంచడానికి అది. సెక్యూరిటీ లెవెల్ 'సేఫర్'లో హెచ్‌టీటీపీఎస్ లేని సైట్లలో జావాస్క్రిప్టు ఆగుతుంది, 'సేఫెస్ట్'లో అన్నిచోట్లా ఆగుతుంది. పని మొదలుపెట్టే ముందే మార్చుకోండి, మధ్యలో కాదు. అసలు పేరుతో ఉన్న ఖాతాలో లాగిన్ అయ్యారా, ఆ సెషన్‌కి అజ్ఞాతం అయిపోయినట్టే.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ వేసి యూబ్లాక్ చేర్చొచ్చు. ఐఫోన్‌లో పేరు ఏదైనా లోపలి ఇంజిను దాదాపు ఎప్పుడూ సఫారీది, అంటే వెబ్‌కిట్టే కాబట్టి సఫారీతోనే సరిపెట్టుకోవచ్చు. ఫోన్లలో అసలు చిల్లు వేరే ఉంది. చాలా యాప్‌లు లింకు నొక్కితే తమ లోపలి కిటికీలోనే తెరుస్తాయి. అక్కడ మీ సెట్టింగులూ యూబ్లాకూ ఏవీ ఉండవు. ఆ యాప్ సెట్టింగుల్లో 'బయటి బ్రౌజర్‌లో తెరువు' అన్నది ఉంటే ఆన్ చేయండి.

ఇదంతా చేశాక ఏదైనా సైటు మొరాయిస్తే, వరుస తప్పకుండా చూడండి. ముందు ఆ సైటుకి యూబ్లాక్ పవర్ బటన్ ఆపి రీలోడ్ చేయండి. బాగైతే యూబ్లాక్ లాగర్ తెరిచి ఎర్రగా కనిపించే లైన్లలో ఏది అవసరమో వెతకండి. డబ్బు చెల్లించే పేజీల్లో ఇది తరచూ బ్యాంకు ధ్రువీకరణ ఫ్రేము అయి ఉంటుంది, అది వేరే డొమైన్ నుంచి వస్తుంది కాబట్టి. బాగవకపోతే అడ్రసు బార్‌లో డాలు గుర్తు నొక్కి ఆ సైటుకి మాత్రం ట్రాకింగ్ రక్షణ ఆపండి. అప్పటికీ కాకపోతే డీఎన్ఎస్ సెట్టింగు కాసేపు ఆపి చూడండి. చివరగా హెల్ప్ మెనూలో 'ట్రబుల్‌షూట్ మోడ్'. అందులో సైటు పనిచేస్తే తప్పు మీ ఎక్స్‌టెన్షన్లదో, థీమ్ లాంటి మార్పులదో. అందులోనూ పనిచేయకపోతే ఒక కొత్త ప్రొఫైల్లో తెరిచి చూడండి, ఎందుకంటే అబౌట్ కాన్ఫిగ్‌లో మార్చినవి ఆ మోడ్‌లోనూ చాలావరకు అలాగే ఉంటాయి. కొత్త ప్రొఫైల్లోనూ అదే తీరైతే తప్పు చాలావరకు ఆ సైటుదే.